పెంటలో పుట్టేది ఒకటి, పెండలో బతికేది ఇంకొకటి

తమ్ముడు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నర్సంపేట వైపు మూడెకరాల్లో కిందటేడు పామాయిల్ పెట్టాడు. గట్టు మీద పది కొబ్బరిచెట్లు, చెలక చివర తాళ్లు ఉన్నాయి. పొలానికి తోలుదామని పెంటకుప్ప తవ్వితే బొటనవేలంత లావున్న తెల్ల పురుగులు గంపెడు బయటపడ్డాయి. తొలకరి పడ్డప్పటి నుంచి రాత్రిళ్లు ఇంటి ముందు లైటు కింద కొమ్మున్న నల్ల పురుగులు టపటపా రాలుతున్నాయి. "అవి పెండపురుగులు, నేలకు మంచివి, చంపొద్దు" అని ఒకరన్నారట. "అవే చెట్ల మొవ్వు తినేవి, కుప్పంతా మందు చల్లు" అని ఇంకొకరన్నారట. వాళ్లమ్మ మాత్రం తెల్ల పురుగులను కోళ్లకు వేస్తానంటోందట. ఏం చేయాలన్నా, టెన్షన్‌గా ఉంది అని అడిగాడు.

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కాకపోతే వాళ్లు మాట్లాడుతున్నది ఒకే పురుగు గురించి కాదు.

ఇరవై ఏడేళ్లు ఊళ్లు తిరిగి రైతులకు పురుగుల గురించి చెప్పిన ఉద్యోగం నాది. ఈ రెండు పురుగుల దగ్గర నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మహబూబాబాద్ దగ్గర ఒక ఊళ్లో కొబ్బరితోటకు కొమ్ము పురుగు పట్టిందన్నారు. వీధిలైటు కింద కొమ్మున్నది కనిపిస్తే చాలు, ఏరి కిరోసిన్ నీళ్లలో వేయమని పిల్లలకు పురమాయించాను. నాలుగు రాత్రుల్లో డబ్బా నిండింది. గొప్పగా లెక్కపెడదామని పేపర్ మీద పరిచాను. సగానికి పైగా పెండపురుగులే. పక్కన కూర్చున్న ముసలాయన ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "ఇవి మా దొడ్లో బర్రెల కింద ఉండేవే కద సారూ, వీటినెందుకు చంపిచ్చినవ్?" అన్నాడు. నాకు డిగ్రీ ఉంది, ఆయనకు బర్రెలున్నాయి. ఆ రోజు నుంచి కొమ్ము చూసి తీర్పు చెప్పడం మానేశాను.

ఇక పేర్ల సంగతి. కొబ్బరి, తాడి, ఈత, పామాయిల్ చెట్లను తొలిచేది కొమ్ము పురుగు. రైనోసరస్ బీటిల్ అంటారు, శాస్త్రీయ నామం ఒరిక్టెస్ రైనోసెరస్. పెండపురుగుల్లో ప్రపంచమంతా కలిపి వేల జాతులున్నాయి. వాటిలో లైటు కింద పడి మనల్ని మోసం చేసేది ఒక పెద్ద నల్ల జాతి, కథార్సియస్ మొలోసస్. 1758లో లిన్నేయస్ ఈ రెంటినీ స్కారబేయస్ అనే ఒకే ప్రజాతి కింద రాసిపెట్టాడు. అంత పెద్దమనిషికే అవి ఒక ఇంటివిలా కనబడితే, రాత్రి పదింటికి చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చేవాళ్లకు ఒకటే అనిపించడంలో తప్పేముంది? తర్వాతివాళ్లు ప్రజాతులు విడదీశారు. కుటుంబం మాత్రం ఇప్పటికీ ఒకటే.

ఈ రెంటిలోనూ కొమ్ము తినడానికి వచ్చింది కాదు. ముఖ్యంగా మగవి ఒకదాన్నొకటి కుమ్ముకోవడానికి. కాబట్టి కొమ్ము వదిలేసి నోరు చూడు. పురుగును వెలుతురులో బోర్లా పెట్టి పైనుంచి చూడు. పెండపురుగు తల ముందు భాగం పారలా చదునుగా, అర్ధచంద్రంలా ఉంటుంది. ఆ పార కింద నోరు దాగిపోతుంది, పైకి కనిపించదు. కొమ్ము పురుగుకు తల ముందు రెండు పక్కలా దవడలు బయటకే కనిపిస్తాయి, నల్లగా, గట్టిగా. ఇంకో గుర్తు మూపు దగ్గర. రెండు పెంకు రెక్కలు కలిసేచోట కొమ్ము పురుగుకు చిన్న త్రికోణం బిళ్ల ఉంటుంది. మనం చెప్పుకుంటున్న పెండపురుగుకు అది కనిపించదు, రెక్కల గీత నేరుగా మూపు దాకా వెళ్తుంది. ఆకారంలోనూ తేడా ఉంది. కొమ్ము పురుగు అంగుళంన్నర నుంచి రెండంగుళాల పొడవు, గొట్టంలా కోలగా ఉంటుంది. పెండపురుగు దానికంటే పొట్టి, గుండ్రం, వీపు ఉబ్బు. రెండు మూడు రాత్రులు చేతిలోకి తీసుకుని చూస్తే తర్వాత దూరం నుంచే పోల్చుకుంటావు.

నోరు చూడమన్నది ఊరికే కాదు. పెద్ద పెండపురుగు దవడలు పలచటి పొరల్లా మెత్తగా ఉంటాయి. అది తడి పెండలోని రసాన్ని, అందులోని సూక్ష్మజీవులను పిండుకుని తాగుతుంది, అంతే. తాటిమట్ట సంగతి అటుంచు, పెండలో ఉన్న గడ్డిపోచను కూడా నమలలేదు. కాబట్టి పెండపురుగు చెట్టు తొలిచిందని ఎవరన్నా చెబితే నమ్మకు, దానికి ఆ పనిముట్టే లేదు.

కొమ్ము పురుగు బతుకు దీనికి పూర్తిగా తలకిందులు. తల్లి తన జీవితకాలంలో వంద దాకా గుడ్లు పెడుతుంది. ఎక్కడంటే, మాగుతున్న పెంటకుప్పలో, వర్మీకంపోస్టు తొట్లలో, కూలి కుళ్లిపోతున్న తాటి మొద్దులో, పామాయిల్ గెలలు ఒలిచి పారేసిన కుప్పలో. పెట్టి వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి చూడదు. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో పిల్లలు వస్తాయి. అవి మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఆ మాగిన చెత్తనే తింటూ నీ బొటనవేలంత అవుతాయి. తర్వాత అక్కడే మట్టిలో గది చేసుకుని మూడు నాలుగు వారాలు ప్యూపాగా (తిండి లేకుండా రూపం మార్చుకునే దశలో) ఉండి, పెంకు రెక్కలతో బయటికి వస్తాయి. వచ్చాక చెత్త జోలికి పోవు. పిల్లప్పుడు పెంట తిన్నది పెద్దయ్యాక తాడెక్కుతుంది. మొవ్వులోకి తొలుచుకుంటూ పోయి, లేత మట్టను నమిలి రసం మింగి, పిప్పిని బయటికి నెట్టేస్తుంది. మన తాళ్లకు గౌడన్న ఒక్కడే మోకు కట్టి ఎక్కుతాడనుకుంటాం, ఈయన రాత్రిపూట మోకు లేకుండానే ఎక్కి తాగి వస్తాడు. పెద్ద పురుగు కొన్ని నెలలు బతుకుతుంది, అన్నాళ్లూ ఇదే పని.

కాబట్టి ఈ జాతిలో పిల్ల అమాయకురాలు, దొంగ పెద్దది. నీ కుప్పలో దొరికిన తెల్ల పురుగులు కొమ్ము పురుగు పిల్లలే అనుకున్నా, అవి నీ చెట్ల వేళ్లు తినవు. మరి వదిలేద్దామా అంటే, వదిలితే వచ్చే వానాకాలానికి రెక్కలొచ్చి మొవ్వెక్కుతాయి. చెట్టు మీద ఒక్కోదాన్ని వెతకడం కష్టం, కుప్పలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పిల్లను చంపమని చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే.

పెండపురుగు ఇల్లు చూద్దువు రా. నాకు ఇష్టమైన భాగం ఇది, కొంచెం ఎక్కువ రాస్తే ఏమనుకోకు. పెండపురుగంటే టీవీలో చూపించే, ఉండ దొర్లించుకుంటూ పోయేదే అందరికీ గుర్తొస్తుంది. దొర్లించే జాతులు మన చెలకల్లోనూ ఉన్నాయి, చిన్నవి. ఈ పెద్ద నల్లది దొర్లించదు. పెండకడి పక్కనో కిందో సొరంగం తవ్వి, పెండను ముక్కలు ముక్కలుగా లోపలికి దించుకుంటుంది. ఆ తవ్విన మట్టే పెండ పక్కన కొత్తగా కుప్ప పోసినట్టు కనిపిస్తుంది. పొద్దున్నే పశువులు మేసిన బీడులో నడిస్తే చూడొచ్చు. నేల కింద తల్లి పెండను ఉండలు చేసి, ఒక్కో ఉండలో ఒక్కటే గుడ్డు పెడుతుంది. పిల్ల ఆ ఉండలోనే పుట్టి, గోడలను లోపలి నుంచి తింటూ, అందులోనే పెరిగి, అందులోనే పెంకు తొడుక్కుంటుంది. ఉండ పగిలితే తన మలంతోనే అతుకు వేసుకుంటుంది. పుట్టబోయే బిడ్డకు ఇల్లు కట్టి, అందులోనే పెద్దయ్యేదాకా సరిపడా సద్ది మూట కట్టి పెట్టినట్టు. దీనికి దగ్గర చుట్టాలైన కోప్రిస్ అనే పెండపురుగుల్లో అయితే తల్లి నెలల తరబడి ఆ ఉండల పక్కనే కాపలా ఉండి, వాటి మీద బూజు పట్టకుండా గీకుతూ ఉంటుంది.

ఇంత చాకిరీ చేసేది వందల గుడ్లు ఎక్కడ పెట్టగలదు? కొన్నే పెడుతుంది. అందుకే నేను ఆ డబ్బా సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. కొమ్ము పురుగులు వంద చచ్చినా నాలుగు మిగిలితే మళ్లీ కుప్ప నింపుతాయి. పెండపురుగులు వంద పోతే ఆ ఊరి బీడులో లోటు తెలుస్తుంది.

దీంట్లోంచి నీకు పనికొచ్చే గుర్తు ఒకటుంది. ఈ పెద్ద పెండపురుగు పిల్ల ఎప్పుడూ ఉండ బయట విడిగా తిరగదు. ఉండ పగలగొడితే తప్ప కనిపించదు, దాని వీపు మీద గూనిలా ఉబ్బు కూడా ఉంటుంది. కుప్పలో విడిగా దొర్లుతున్న తెల్ల పురుగు ఏదైనా సరే, అది ఈ పెండపురుగు పిల్ల కాదు. "మంచివి, చంపొద్దు" అన్న మొదటి మనిషి మాట నీ కుప్పకు వర్తించదు.

అయితే కుప్పలోవన్నీ కొమ్ము పురుగు పిల్లలేనా? అదీ చెప్పలేం. నాలుగైదు రకాలు ఏరి, చదునైన గచ్చు మీద వేసి ఒక నిమిషం ఆగు. వెల్లకిలా తిరిగి, కాళ్లు ఆకాశానికి పెట్టి, వీపుతో పాకుతూ పోతే అవి పూల మీద వాలే పెంకు పురుగుల పిల్లలు. చెత్తను మంచి ఎరువు చేసిపెడతాయి, వదిలెయ్. పక్కకు వాలి కొడవలిలా వంగి ఉండిపోయేవి, తల ముదురు గోధుమరంగులో ఉండి నీ బొటనవేలంత ఉన్నవి కొమ్ము పురుగువి. అదే కొడవలి ఆకారంలో, బాగా చిన్నగా ఉండి, కుప్పలో కాక పల్లీ, పసుపు చేలో మొక్క వేళ్ల దగ్గర దొరికితే అది వేరు పురుగు. దాని పెద్దవి తొలి వానలకు సాయంత్రం వేపచెట్టు మీద గుంపుగా వాలి ఆకు తింటాయి. దాని కథ వేరే, ఇప్పుడు కలపను. ఇంకొకరు ఆరుద్ర పురుగు గురించి కూడా అడిగారు. ఎర్రటి మఖ్మల్ లాంటి ఆ జీవికి ఎనిమిది కాళ్లుంటాయి, అది అసలు పెంకు పురుగే కాదు, నల్లి జాతి.

ఇప్పుడు చేయాల్సిన పని. కుప్ప మీద గుళికలు, పొడిమందులు చల్లకు. పైపొర దాటి లోపలికి పోవు, ఆ ఎరువు మళ్లీ నీ చేనుకే వెళ్తుంది. కుప్పను తోడి తిరగెయ్. తిరగేసేటప్పుడు కోళ్లు, కాకులు, గోరింకలు నీ వెనకే వస్తాయి. రెండు నెలలకోసారి తిరగేస్తే మూడు నెలలు కదలకుండా పడి ఉండాల్సిన పిల్లకు ఆ అవకాశమే దొరకదు. మన పెద్దలు ఎండాకాలంలోనే పెంటంతా తోలి కుప్పను అడుగంటా ఖాళీ చేసేవారు. ఎందుకు చేసేవారో గానీ కొమ్ము పురుగుకు అంతకు మించిన దెబ్బ లేదు. ఇప్పుడు ట్రాక్టరు దొరికినప్పుడు తోలుదామని రెండేళ్లు అట్లాగే ఉంచుతున్నాం, అది దానికి పురిటిగదిలా ఉంటోంది.

తిరగేయలేనంత పెద్ద కుప్ప అయితే మెటారైజియం వాడు. ఇది పురుగుల మీద పచ్చటి బూజులా పెరిగే శిలీంధ్రం. పిల్లకు అంటుకుని లోపలికి పోయి చంపుతుంది. నీళ్లలో కలిపి కుప్ప అంతటా తడిచేలా పోయాలి, కుప్ప చెమ్మగా ఉండాలి. ఎండిన కుప్ప మీద పోస్తే డబ్బు దండగ. గట్టు మీద ఎప్పుడో కూలిన తాటి మొద్దు ఉంటే కుప్ప కంటే ముందు దాని సంగతి చూడు. చీల్చి ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకో. నేను చూసిన తోటల్లో సగం చోట్ల కుప్ప శుభ్రంగానే ఉండేది, గూడు మాత్రం ఈ మొద్దుల్లో ఉండేది.

తర్వాత చెట్లు. మట్ట విప్పుకున్నాక కత్తెరతో త్రికోణాలుగా కత్తిరించినట్టు కనిపిస్తే అది కొమ్ము పురుగు పనే. కానీ ఆ మట్ట ముడుచుకుని ఉన్నప్పుడు తొలిచింది అది, అంటే పాత దొంగతనం. ఇప్పుడు దొంగ లోపల ఉన్నాడో లేడో తెలియాలంటే మొవ్వు మొదట్లో రంధ్రం, దాని నోట్లో తడి ఆరని పిప్పి ఉందేమో చూడాలి. ఉంటే ఇనుప కొక్కెంతో గుచ్చి లాగెయ్. ఆ తర్వాత వేపగింజల పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు కలిపి లోపలి మూడు మట్టల మొదళ్లలో వెయ్. పెరిగిన కొబ్బరికి చెట్టుకు 150 గ్రాములు చెబుతారు, నీ చిన్న పామాయిల్ మొక్కకు దాని సైజును బట్టి తగ్గించుకో. ఆ రంధ్రాన్ని నిర్లక్ష్యం చేయకు. గాయం వాసనకు ఎర్ర ముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, అది కాండం లోపలే ఉండి చెట్టునే కూల్చేస్తుంది. పెద్ద కొబ్బరి కొమ్ము పురుగును తట్టుకుంటుంది. ఏడాది పామాయిల్ మొక్కకు మొవ్వు పోతే మొక్కే పోవచ్చు, కాబట్టి ఈ రెండేళ్లు వారానికోసారి వరుసలన్నీ తిరగాలి.

పెద్ద పురుగులను పట్టాలంటే లైటు కింద చంపడం కాదు దారి. ఎర బుట్ట పెట్టు. మగ కొమ్ము పురుగు విడుదల చేసే వాసనను తయారుచేసి చిన్న గొట్టాల్లో అమ్ముతారు. దానికి ఆడ, మగ రెండూ వస్తాయి, పెండపురుగు మాత్రం రాదు. బకెట్‌కు పైన వేలాడదీస్తే చాలు. ఐదెకరాలకు ఒకటి సరిపోతుంది, అంటే నీకు ఒక్కటి. మొక్కల మధ్యలో కాకుండా చేను చివర పెట్టు, లేకపోతే వాటిని పిలిచి మరీ తోటలో దించినట్టవుతుంది. చవకలో కావాలంటే కిలో ఆముదపు పిండిని ఐదు లీటర్ల నీళ్లలో నానబెట్టి చిన్న కుండల్లో పోసి అక్కడక్కడా పెట్టు. ఆ కంపుకు వచ్చి పడతాయి, రోజూ ఏరేయాలి.

2021లో కేంద్రం పామాయిల్ మిషన్ తెచ్చాక మన వైపు కొత్త తోటలు చాలా వస్తున్నాయి, అందుకే ఇంత రాస్తున్నా. ఈ పురుగు చేయగలిగింది తక్కువేం కాదు. 1909లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి రబ్బరు మొక్కలతో కలిసి సమోవా దీవులకు చేరి, అక్కడి నుంచి పసిఫిక్ కొబ్బరితోటలను పీడించడం మొదలుపెట్టింది. దాన్ని అణచడానికి 1963లో మలేసియాలో ఈ పురుగుకు సోకే ఒక వైరస్‌ను కనిపెట్టి, తర్వాత సమోవాలో వదలాల్సి వచ్చింది.

పెండపురుగుకు దీనికి సరిగ్గా ఎదురు కథ ఉంది. ఆస్ట్రేలియాలో కంగారూల ఎండు పెంటికలకు అలవాటైన పెండపురుగులే ఉండేవి. బయటి నుంచి తెచ్చిన ఆవుల పెండను అవి సరిగా ముట్టలేదు. పచ్చికబయళ్లంతా పెండ ఎండి గట్టిపడి, ఈగలు విపరీతంగా పెరిగాయి. హంగరీ నుంచి వెళ్లిన జార్జ్ బోర్నెమిస్జా అనే కీటక శాస్త్రవేత్త పట్టుబట్టడంతో 1968 నుంచి వేరే దేశాల పెండపురుగులను తెచ్చి వదిలారు, మొత్తం 43 జాతులు. ఒకరు డబ్బులు పోసి ఓడల్లో, విమానాల్లో తెప్పించుకున్నదాన్ని నేను కిరోసిన్‌లో ముంచాను.

పెండపురుగు పొట్ట కింద సన్నటి గోధుమరంగు నల్లులు పాకుతుంటే పేలు పట్టాయనుకుని అసహ్యించుకోకు. వాటిలో చాలావరకు దాని రక్తం తాగేవి కావు, దాన్ని బండిలా వాడుకుని కొత్త పెండకు చేరి, అక్కడ ఈగ గుడ్లు తినేవి. మీ బర్రెలకు నట్టల కోసం ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తే దాని అంశ కొన్నాళ్లు పెండలో వస్తుంది, ఆ పెండలో పెండపురుగు పిల్లలు చస్తాయి. అవసరమైతే వేయించాల్సిందే. కానీ తొలకరిలో పురుగులు గూళ్లు కట్టుకునే రోజుల్లో పశువులన్నిటికీ ఒక్కరోజే వేయించకుండా, డాక్టరుగారిని అడిగి అవసరమైనవాటికే వేయించు. రాత్రి వాకిట్లో ఆ లైటు తొమ్మిదింటికి ఆపేసినా రెండు రకాలూ రావడం తగ్గుతుంది, మీకూ నిద్ర పడుతుంది.

ఇక అమ్మ మాట. తెల్ల పురుగులు కోళ్లకు నిక్షేపంగా వేయొచ్చు, ఎగబడి తింటాయి. ఇదివరకు ఆ కుప్ప మీద ఎప్పుడైనా గుళికల మందు చల్లి ఉంటే మాత్రం వద్దను. మెటారైజియం పోశాక పచ్చబూజు పట్టి గట్టిపడి చచ్చినవాటిని కూడా ఏరొద్దని చెప్పు. వాటిని కుప్పలోనే వదిలితే పక్కవాటికి ఆ బూజు అంటిస్తాయి.